అతుకు చదివే కన్ను

సీలు విప్పని పాత నింటెండో ఆటపెట్టె చేతికొస్తే ఎవరైనా ముందు అట్టమీద బొమ్మ చూస్తారు. పెట్టె అసలుదేనా, ఏ స్థితిలో ఉంది అని పరీక్షించి గ్రేడ్ ఇచ్చేవాళ్లు దాన్ని వెనక్కి తిప్పుతారు. అక్కడ, అట్టను అంటిపెట్టుకున్న పలచటి ప్లాస్టిక్ పొరలో, ఈ పక్క నుంచి ఆ పక్కకు అడ్డంగా పోయే సన్నటి గీత ఒకటి ఉంటుంది. పొర రెండంచులు వేడి తగిలి ఒకదాన్నొకటి కరుచుకున్న చోటది. ఆ గీత రెండు కొసల్లో, పెట్టె పక్కల మీద, మరో రెండు అతుకులు నిలువుగా దిగుతాయి. మూడింటినీ కలిపి చూస్తే హెచ్ అక్షరం కనిపిస్తుంది. అందుకే సేకరించేవాళ్లు దాన్ని ‘హెచ్ సీమ్’ అంటారు. ఆ అతుకు ఎంత తిన్నగా పోయింది, వెడల్పు అంతటా ఒకేలా ఉందా, కొసల దగ్గర పొర ఎలా ముడుచుకుంది, ఎక్కడైనా రెండోసారి వేడి తగిలిన జాడ ఉందా... ఇవన్నీ తేలాక గానీ ముందు వైపు మారియో సంగతి రాదు.

ఈ పనిలో నన్ను కట్టిపడేసింది ఒక్క నిబంధన. పెట్టె తెరవకూడదు. నాణెం పరీక్షించేవాళ్లు దాన్ని రెండు వైపులా చూడగలరు, అంచు చూడగలరు, తూచగలరు. కామిక్ పుస్తకం గ్రేడ్ చేసేవాళ్లు పేజీ పేజీ తిప్పగలరు. సీలుతో ఉన్న ఆటను పరీక్షించేవాళ్లకు మాత్రం చేతిలో ఉన్నది బయటి పొర, దాని కింద అట్ట, అంతే. లోపల ఉన్నది నిజమేనా, 1987లో కర్మాగారం నుంచి వెళ్లిన పెట్టేనా, మధ్యలో ఎవరైనా విప్పి మళ్లీ చుట్టారా అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ పొర మీదే వెతకాలి. విప్పితే సందేహం తీరుతుంది, కానీ ఆ క్షణంలోనే అది సీలు పెట్టె కాకుండా పోతుంది.

అమెరికాలో దీన్ని వృత్తిగా చేసే సంస్థలు కొన్ని ఉన్నాయి. 2000ల దశకం చివర్లో వీడియో గేమ్ అథారిటీ, అందరూ వీజీఏ అనేది, ఈ పని మొదలుపెట్టింది. 2017లో డెనిజ్ కాన్ స్థాపించిన వాటా గేమ్స్ కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ నుంచి పనిచేస్తూ కొద్ది ఏళ్లలోనే దీన్ని వేలం మార్కెట్ దాకా తీసుకెళ్లింది. కామిక్ పుస్తకాల గ్రేడింగ్‌తో పేరు తెచ్చుకున్న సీజీసీ కూడా తర్వాత ఈ రంగంలోకి వచ్చింది. పద్ధతి పాతదే. విలియం షెల్డన్ 1949లో పాత అమెరికన్ పెన్నీలకు 70 అంకెల కొలబద్ద పెట్టారు. 1980ల్లో నాణేలను గట్టి ప్లాస్టిక్ బిళ్లల్లో బిగించి గ్రేడ్ ముద్రించి ఇవ్వడం వచ్చింది, 2000లో కామిక్ పుస్తకాలకూ అదే వచ్చింది. ఆటపెట్టెల దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతికి అంతకుముందు లేని చిక్కు ఎదురైంది. ఒకే వస్తువులో రెండు వస్తువులున్నాయి. అట్టపెట్టె ఒకటి, దాని మీది పొర ఒకటి. రెండూ వేర్వేరుగా ముసలివవుతాయి.

మన ఊళ్లలో 90ల్లో మారియో ఆడి పెరిగినవాళ్లలో చాలామందికి ఈ పెట్టె అసలు పరిచయమే లేదు. మనదాకా వచ్చినవి ఎక్కువగా నకలు యంత్రాలు. ఒక్క క్యాసెట్‌లో పదులకొద్దీ ఆటలు, టీవీకి తగిలిస్తే చాలు. క్యాసెట్ చేతులు మారేది, దానికొక పెట్టె ఉండాలన్న ఊహే ఉండేది కాదు. అందుకే పెట్టెకు ఇంత మర్యాద ఎందుకన్న ప్రశ్న మనకు సహజంగా వస్తుంది. దానికి జవాబు అమెరికాలో 1983 దగ్గర మొదలవుతుంది.

ఆ ఏడు అక్కడ ఇంటి వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. అమ్ముడుపోని సరుకును అటారీ సంస్థ న్యూ మెక్సికోలోని అలమగోర్డో చెత్తగుంటలో పూడ్చింది. 2014లో తవ్వి చూస్తే క్యాసెట్లు, నలిగిన పెట్టెలు నిజంగానే బయటపడ్డాయి. కొనేవాళ్ల నమ్మకం పోవడానికి ఒక కారణం పెట్టె మీది బొమ్మే. చిత్రకారుడు వేసిన అంతరిక్ష యుద్ధం అట్టమీద ఉండేది, ఇంటికెళ్లి పెడితే తెరమీద నాలుగు చదరాలు కదిలేవి. 1985 అక్టోబరులో న్యూయార్క్ ప్రాంతంలో నింటెండో తన యంత్రాన్ని పరీక్షగా విడుదల చేసినప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకుంది. తొలి విడత ఆటల నల్లటి పెట్టెల మీద తెరమీద కనిపించే చదరపు చుక్కల బొమ్మనే పెద్దది చేసి అచ్చువేసింది. లోపల ఏముందో అదే బయట. నా దృష్టిలో ఆ నల్ల పెట్టె ఆటల చరిత్రలో అతి నిజాయితీ గల అట్టముక్క. దాన్ని 40 ఏళ్ల తర్వాత ఒకరు భూతద్దంతో చూస్తున్నారంటే నాకు అది సబబుగానే ఉంటుంది.

ఆ మొదటి పెట్టెలకు ప్లాస్టిక్ పొరే లేదు. పైమూతను చిన్న గుండ్రటి స్టిక్కర్ ఒకటి పట్టి ఉంచేది. సీలంటే అదే. కొద్ది కాలానికి ప్లాస్టిక్ పొర వచ్చింది. అప్పటికీ పెట్టె వెనక, దుకాణంలో కొక్కేనికి తగిలించడానికి, అట్టలోనే కోసిన నాలుక ఒకటి ఉండేది. దాన్ని హ్యాంగ్ ట్యాబ్ అంటారు. మరికొంత కాలానికి ఆ నాలుక కూడా పోయింది. స్టిక్కర్, నాలుకతో ప్లాస్టిక్, నాలుక లేని ప్లాస్టిక్: ఈ మూడు మెట్లూ ఏడాది రెండేళ్లలోనే జరిగిపోయాయి. అందుకే పెట్టె ఏ మెట్టు మీద ఉందో చెబితే అది ఏ నెలల్లో తయారైందో దాదాపు చెప్పినట్టే. సూపర్ మారియో బ్రదర్స్ ఒక్కదానికే 11 రకాల పెట్టెలున్నాయని సేకర్తలు లెక్కగట్టారు.

స్టిక్కర్ సీలును పరీక్షించడం నాకు ఈ వృత్తిలో కష్టమైన పనుల్లో ఒకటిగా అనిపిస్తుంది. గోటికొసంత కాగితం ముక్క. దాన్ని ఒకసారి లేపి మళ్లీ అంటిస్తే ఏమవుతుంది? జిగురుతోపాటు అట్ట పైపొరలోని నార కొంత లేచొస్తుంది. మళ్లీ అంటించినప్పుడు ఆ నార సరిగ్గా తన చోట కూర్చోదు. స్టిక్కర్ అంచున సన్నటి నీడ, లేదా మూత అంచుకీ స్టిక్కర్ మడతకీ మధ్య వెంట్రుకవాసి తేడా మిగులుతుంది. వాలుగా వెలుతురు వేస్తే తప్ప అది కంటికి ఆనదు. 2019 ఫిబ్రవరిలో అలాంటి స్టిక్కర్‌తో ఉన్న సూపర్ మారియో బ్రదర్స్ పెట్టె 1,00,150 డాలర్లకు అమ్ముడైంది. దానికి వాటా ఇచ్చిన గ్రేడ్ పదికి 9.4, సీలుకు విడిగా అన్నిటికంటే పై అక్షరం, ఏ ప్లస్ ప్లస్. ధర మాట అలా ఉంచి, ఆ రెండు ప్లస్‌ల వెనక ఎంత ఓపికగా చూసిన చూపు ఉందో తలచుకుంటే ముచ్చటేస్తుంది.

ప్లాస్టిక్ పొరకు వద్దాం. కర్మాగారంలో ఆ పొర పెద్ద చుట్టగా వస్తుంది. యంత్రం దాన్ని నడుస్తున్న పెట్టెల చుట్టూ గొట్టంలా మడిచి, రెండంచులనూ వెనక వైపు కలిపి వేడితో అతుకుతుంది. తర్వాత పెట్టెకీ పెట్టెకీ మధ్య పొరను కోస్తూనే కొసలు మూస్తుంది. అక్కడినుంచి పెట్టె వేడిగాలి గూడులోకి వెళ్తుంది. పొరను తయారుచేసేటప్పుడే సాగదీసి చల్లార్చి ఉంచుతారు. వేడి తగలగానే దాని అణువుల గొలుసులు సాగకముందు ఉన్న పొడవుకు మళ్లబోతాయి, పొర బిగుసుకుంటుంది. లోపల చిక్కిన గాలి బయటికి పోవడానికి కొన్ని పొరల్లో సూదిమొనంత రంధ్రాలుంటాయి. వెనక అతుకు, రెండు కొసలు: హెచ్ సీమ్ అలా పుడుతుంది. అది అలంకారం కాదు, యంత్రం నడిచిన దారి. అమెరికాలో అమ్మిన నింటెండో ఆట క్యాసెట్లు, అంటే కార్ట్రిడ్జ్‌లు వేరే సంస్థల ఆటలైనా చాలావరకు నింటెండోనే తయారుచేసి ఇచ్చేది కాబట్టి ఈ గుర్తు చాలా పెట్టెల మీద ఒకే తీరుగా కనిపిస్తుంది. గ్రేడర్‌కు అది పెద్ద ఆసరా.

దుకాణంలో మళ్లీ చుట్టినదాని సంగతి వేరు. తిరిగొచ్చిన సరుకును వెనకగదిలోనే చుట్టి మళ్లీ అరలో పెట్టడం అక్కడ మామూలు వ్యవహారం. అందులో మోసం ఉద్దేశం కూడా ఉండకపోవచ్చు. ఆ పనికి వాడే చిన్న యంత్రంలో పొర ముందే మధ్యకు మడిచి వస్తుంది. పెట్టెను ఆ మడతలో దూర్చి, ఎల్ ఆకారంలో ఉన్న వేడి పట్టీని దించితే రెండు పక్కలు మూసుకుంటాయి, తర్వాత చేతిలోని వేడిగాలి తుపాకీతో బిగిస్తారు. ఇలా చుట్టిన పెట్టె వెనక అతుకు ఉండదు, అంచుల వెంటే ఉంటుంది. మూలల్లో పొర ముద్దకట్టి గట్టిగా తగులుతుంది. వేడి చేత్తో వేసింది కాబట్టి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. ఎక్కువైన చోట పొర అలలు తేలుతుంది.

ఇదంతా తెలిసిన మోసగాడు వెనక అతుకు కూడా వేయగలడు. అప్పుడు గ్రేడర్ చూసేది ఇంకా లోపలి విషయాలు. పొర మందం అప్పటిదేనా? ఏళ్ల తరబడి అరలో ఉన్న పొర మీద పడే నూలుపోగులాంటి గీతలు ఉన్నాయా, లేక నిన్న చుట్టినట్టు నున్నగా ఉందా? అట్ట మూల నలిగి ఉంటే దాని మీది పొర కూడా అక్కడ నలగాలి. అట్ట నలిగి పొర మాత్రం చెక్కుచెదరకుండా ఉందంటే ఆ నలుగుడు పొర రాకముందే జరిగిందన్నమాట. పాత దుకాణం ధర స్టిక్కర్ పొర మీద ఉందా, పొర కింద అట్ట మీద ఉందా? కింద ఉంటే సందేహపడాల్సిందే. ఈ చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఎవరో గుమాస్తా 1988లో విసుగ్గా అంటించిన ధర చీటీ ఇంతకాలానికి సాక్ష్యం చెబుతుంది. సీలు గ్రేడ్‌లో అది మచ్చగా లెక్కకొచ్చినా సరే, పొర ఎప్పటిదన్న ప్రశ్నకు దానికి మించిన సాయం దొరకడం కష్టం.

పొర అసలుదేనని తేలాక అట్టను చదవడం మొదలవుతుంది, అదీ పొర గుండానే. ఇక్కడ అచ్చువేతల తేడాలు వస్తాయి. నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అన్న పేరు పక్కన టీఎం అని ఉంటే తొలి అచ్చు, వలయంలో ఆర్ అక్షరం ఉంటే తర్వాతది. నాణ్యతకు గుర్తుగా నింటెండో వేసే బంగారు ముద్ర మొదట గుండ్రంగా ఉండేది, 80ల చివర్లో కోడిగుడ్డు ఆకారానికి మారింది. సూపర్ మారియో బ్రదర్స్ 3 పెట్టెలో తొలి అచ్చుల్లో బ్రదర్స్ అన్న పొట్టిమాట ఎడమకు జరిగి, మారియో తెల్ల చేతితొడుగు మీద పడింది. తర్వాత అచ్చుల్లో దాన్ని కుడికి జరిపారు. ఆ ఎడమ అచ్చు పెట్టె 2020 నవంబరులో 9.2, ఏ ప్లస్ గ్రేడ్‌తో 1,56,000 డాలర్లు పలికింది. అక్షరం అంగుళంలో కొంత జరిగినందుకా ఇంత అని విస్తుపోయేవాళ్లుంటారు. నేను దాన్ని వేరుగా చూస్తాను. పాత తాళపత్రాల్లో లేఖకుడి చేతిరాతను బట్టి ఏ ప్రతి ముందుదో తేల్చే పండితులను మనం గౌరవిస్తాం. లక్షల్లో అచ్చయి చెల్లాచెదురైన అట్టపెట్టెలను కాలక్రమంలో పేర్చిన ఈ సేకర్తలు చేసిందీ ఆ పనే, పైగా ఏ విశ్వవిద్యాలయమూ అడగకుండా చేశారు. గ్రేడర్ తాను ఇచ్చే గ్రేడ్ చీటీ మీద అచ్చు పేరు రాస్తున్నాడంటే వాళ్ల శ్రమ అంతా ఆ ఒక్క వరుసలో ఉంది.

అమెరికాలో 1987లో వచ్చిన ద లెజెండ్ ఆఫ్ జెల్డా పెట్టె ఈ చదువులో ప్రత్యేకమైన పాఠం. బంగారు రంగు అట్టమీద డాలు బొమ్మ. డాలులో ఒక భాగాన్ని కిటికీలా కోసి వదిలేశారు, అందులోంచి లోపలి బంగారు రంగు కార్ట్రిడ్జ్ కనిపిస్తుంది. సీలు పెట్టె లోపలికి తొంగిచూసే అవకాశం గ్రేడర్‌కు దొరికే అరుదైన సందర్భమిది. కానీ కోసిన అంచుల దగ్గర అట్ట బలహీనం. పొర బిగువంతా అక్కడ ఆ ఖాళీ మీద పడుతుంది, కాబట్టి చిరిగితే మొదట చిరిగేదీ అక్కడే. 2021 జులైలో ఒక జెల్డా పెట్టె 8,70,000 డాలర్లకు వేలంలో పోయింది. గ్రేడ్ 9.0, సీలుకు ఏ. దానికి 9.8 లేదు, రెండు ప్లస్‌లూ లేవు. తొలినాళ్ల అచ్చు కావడమే దాని బలం. ఎంత అరుదైన అచ్చయినా గ్రేడ్ మాత్రం ఉన్నదాన్నే చెప్పింది, కలిపి పెంచలేదు. చీటీ మీద అచ్చు వేరు, స్థితి వేరు.

జెల్డాలో గ్రేడర్ కన్ను ఆనని వస్తువు కూడా ఒకటుంది. ఆడినంతవరకు దాచుకోవడానికి కార్ట్రిడ్జ్‌లో బొత్తాం బ్యాటరీ పెట్టారు. ఎవరూ ఆడకపోయినా జ్ఞాపకపు చిప్‌కు అది కొద్దికొద్దిగా కరెంటు అందిస్తూనే ఉంటుంది. ఎంత మచ్చలేని పెట్టె అయినా లోపల ఆ బ్యాటరీ ఏళ్లనుంచి తరుగుతూనే ఉంది. చీటీ మీద దాని గురించి మాట ఉండదు, ఉండకూడదు కూడా. చూడనిదాని గురించి చెప్పకపోవడం ఈ వృత్తిలో మొదటి క్రమశిక్షణ.

అట్ట స్థితిని చదవడంలో నేను నేర్చుకున్న విచిత్రమైన సంగతి: పెట్టెను కాపాడే పొరే దానికి పెద్ద శత్రువు కూడా. వేడికి బిగుసుకున్న పొర అక్కడితో ఆగదు. ఏళ్ల తరబడి డప్పు చర్మంలా బిగిసే ఉంటుంది, ఎండాకాలం వేడికి ఇంకాస్త లాగుతుంది. ఆ లాగుడుకు పెట్టె మూలలు లోపలికి వంగుతాయి, వెడల్పైన ముందు భాగం కొద్దిగా గుంటపడుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే పెట్టె నలుగుతుంది. ఆ నలుగుడు చేయి జారి పడ్డప్పుడు వచ్చే నలుగుడులా ఉండదు. పడినది ఒక మూలనే దెబ్బతీస్తుంది, రంగు చిట్లి లోపలి తెల్ల అట్ట కనిపిస్తుంది. పొర లాగింది రెండు వైపులా దాదాపు సమానంగా ఉంటుంది, రంగు చిట్లకుండా వంపు మాత్రమే మిగులుతుంది. ఎండ తగిలినది ఇంకో తీరు. అచ్చు రంగుల్లో పసుపు, గులాబీ ముందు వెలుస్తాయి, నీలం, నలుపు నిలుస్తాయి. అరలో వరసగా నిలబెట్టిన పెట్టెల్లో వెలుతురు వైపున్న అంచు ఒక్కటే నీలిచాయకు తిరుగుతుంది. ఒక్కో మచ్చ వెనక ఒక్కో కారణం. గ్రేడ్‌లో చివరికి మిగిలేది అంకే అయినా, అంకె వేసే మనిషి మనసులో ఉన్నది ఆ పెట్టె జీవితచరిత్ర.

ఇక్కడే నాకు అన్నిటికంటే నచ్చిన పనితనం ఉంది. వీజీఏ పాత పద్ధతిలో మొత్తం పెట్టెకు 100కు ఒకే అంకె ఇచ్చేది, గ్రేడ్ వరుసను బట్టి చీటీకి బంగారు, వెండి, కంచు రంగులు. వాటా పెట్టెను, సీలును విడదీసింది. పెట్టెకు 10కి అంకె, కామిక్ పుస్తకాల్లోలాగే 9.8, 9.6, 9.4 అంటూ పైమెట్లలో సన్నగా విభజించి. సీలుకు అక్షరం, ఏ ప్లస్ ప్లస్ నుంచి కిందికి సీ దాకా. చూడటానికి చిన్న మార్పు. కానీ ఆలోచించండి. మచ్చలేని అట్ట, దాని మీద అంగుళం మేర చిరిగిన పొర. నలిగిన అట్ట, దాని మీద గాజులాంటి పొర. ఒకే అంకె ఇచ్చే పద్ధతిలో ఈ రెండూ ఒకే చోటికి చేరవచ్చు. కొనేవాడికి అవి రెండూ ఒకటి కానే కావు. ఒకడికి బొమ్మ ముఖ్యం, ఒకడికి ఎవరూ విప్పలేదన్న నిజం ముఖ్యం. విడిగా చెబితే ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. వెలకట్టడం కంటే ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు వర్ణించడం గ్రేడర్ పని అని ఆ అక్షరమూ అంకే కలిసి ఒప్పుకుంటున్నాయి. సీలు విప్పిన ఆటల్లో ఇదే పద్ధతి ఇంకా ముందుకెళ్లి పెట్టెకు, పుస్తకానికి, కార్ట్రిడ్జ్‌కు మూడు గ్రేడ్లు విడివిడిగా ఇస్తుంది.

9.6 అంటే ఏమిటో చూడాలంటే 2021 ఏప్రిల్‌లో డల్లాస్‌కు చెందిన హెరిటేజ్ ఆక్షన్స్ అమ్మిన సూపర్ మారియో బ్రదర్స్‌ను చూడాలి. 1986 చివర్లో క్రిస్మస్ కానుకగా కొన్నారు, ఇవ్వలేదు, ఆఫీసు బల్ల సొరుగులో అడుగున పడిపోయింది. 35 ఏళ్ల తర్వాత బయటికొచ్చింది. హ్యాంగ్ ట్యాబ్ ఉన్న, ప్లాస్టిక్ పొర మొదలైన కొత్తలో వచ్చిన పెట్టె. వాటా గ్రేడ్ 9.6, సీలుకు ఏ ప్లస్. 6,60,000 డాలర్లకు పోయింది. వార్తలన్నీ ధరతో నిండాయి. నాకు మాత్రం సొరుగే ఆసక్తి. వెలుతురు లేదు, కాబట్టి గులాబీ రంగు వెలవలేదు. చేయి పడలేదు, కాబట్టి పొర మీద గీతలు పడలేదు. అమెరికా ఆఫీసు గది చల్లదనం, ఎండాకాలపు వేడి లేదు, పొర అతిగా లాగలేదు. ఆ పెట్టె గ్రేడ్‌లో సగం ఆ సొరుగుదే. మన ఏప్రిల్, మే నెలల్లో రేకుల గదిలోనో అటక మీదో పెట్టి ఉంటే అదే పెట్టెకు ఏమయ్యేదో ఊహించవచ్చు.

అదే 2021 జులైలో సూపర్ మారియో 64 పెట్టె ఒకటి, 9.8, ఏ ప్లస్ ప్లస్, 15,60,000 డాలర్లు తెచ్చింది. ఆగస్టులో మరో సూపర్ మారియో బ్రదర్స్ 20 లక్షల డాలర్లు పలికింది. అదే వేసవిలో వాటాను కలెక్టర్స్ యూనివర్స్ సంస్థ కొనేసింది. సూపర్ మారియో 64 అయితే 1996 నాటి ఆట, కోటికి పైగా అమ్ముడైనది, సీలుతో అంత అరుదా అన్న ప్రశ్న న్యాయమైనదే. మరుసటేడు కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టులో వాటా మీద దావా పడింది. ధరలను కృత్రిమంగా పెంచారని, గ్రేడింగ్‌కు చెప్పిన గడువులు పాటించలేదని ఆరోపణ. ఆ ఏళ్ల ధరలు ఆ తర్వాత నిలవలేదు. ఈ విషయంలో నా మాట సూటిగా చెబుతాను: కొలిచే చేయి, అమ్మే చేయి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. డబ్బు వేగంగా వచ్చినచోట ఆ దూరం తగ్గే ప్రమాదం ఉంటుంది. కానీ అతుకు చదివే నేర్పు డబ్బుతో పుట్టలేదు. ఈ వేలాలకు ఎన్నో ఏళ్ల ముందే, వంద డాలర్ల పెట్టె కొనేటప్పుడు మోసపోకూడదని సేకర్తలు ఒకరికొకరు నేర్పుకున్నది అది.

ఆ నేర్పు ఎవరి చేతుల్లో ఉందో 2022లో మళ్లీ కనిపించింది. 1980ల నాటి కంప్యూటర్ ఆటల పెట్టెలు, సంచులు కొన్ని, చాలా ఏళ్లుగా సేకర్తల మధ్య చేతులు మారుతున్నవి, నకిలీవని తోటి సేకర్తలే తేల్చారు. వాటిలో కొన్నిటికి వాటా గ్రేడ్ కూడా ఉంది. పట్టించింది చిన్నచిన్న గుర్తులు. చీటీల అంచులు యంత్రంతో కాక చేత్తో కోసినట్టున్నాయి. అచ్చు చుక్కలు అసలు ప్రతులతో కలవలేదు. కొన్ని డిస్కుల్లో ఆటే లేదు.

అచ్చు చుక్కల సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ రంగంలో భూతద్దం చేసే పని చాలావరకు అదే. ఆ కాలపు పెట్టెలు ఆఫ్‌సెట్ పద్ధతిలో అచ్చయ్యాయి. నాలుగు రంగుల చుక్కలు నాలుగు కోణాల్లో పడతాయి. భూతద్దం కింద అవి ఒక క్రమంలో గుండ్రటి గుంపులుగా కనిపిస్తాయి. నల్ల అక్షరాలు మాత్రం చుక్కలతో కాదు, నల్ల సిరాతో నిండుగా, అంచులు పదునుగా ఉంటాయి. అసలు పెట్టెను స్కాన్ చేసి మళ్లీ అచ్చువేస్తే నల్ల అక్షరం కూడా రంగు చుక్కలుగా విడిపోతుంది, అంచు మెత్తబడుతుంది. ఇళ్లలో వాడే ఇంక్‌జెట్ యంత్రమైతే చుక్కలు క్రమం లేకుండా చిందినట్టుంటాయి. చదవడానికి సులువే. పక్కన అసలు ప్రతి పెట్టుకుని పోల్చకపోతే మాత్రం ఇదంతా ఊహే. అసలు ప్రతులు తక్కువగా ఉన్న తొలినాటి కంప్యూటర్ ఆటల్లోనే గ్రేడింగ్ తడబడటం యాదృచ్ఛికం కాదు. నింటెండో పెట్టెలు వేలల్లో చూసిన కన్నుకు ఆ అతుకు కంఠతా వస్తుంది. ప్రపంచంలో పదో పాతికో ఉన్న వస్తువును చూడటానికి అలా అలవాటైన కన్నంటూ ఉండదు.

గ్రేడ్ పూర్తయిన పెట్టె గట్టి, తేటైన ప్లాస్టిక్ కేసులోకి వెళ్తుంది. పైన చీటీ: ఆట పేరు, సంవత్సరం, అచ్చు వివరం, అంకె, అక్షరం. కేసు కొలత పెట్టెకు సరిపోవాలి. వదులైతే లోపల పెట్టె కదిలి పొర రాసుకుంటుంది, బిగుతైతే మూలల మీద ఒత్తిడి. ఎంత మంచి కేసైనా పొర లాగుడును ఆపలేదు. వేడి, ఎండ తగలకుండా చూసుకోవడం కొన్నవాళ్ల వంతే.

కార్ట్రిడ్జ్‌ల కాలం దాటి డిస్కుల కాలంలోకి వస్తే చదువు మళ్లీ మొదటికొస్తుంది. ప్లేస్టేషన్ ఆటల పెట్టెలకు వెనక అడ్డ అతుకు ఉండదు. పలచటి పొరను చుట్టి, రెండు కొసల్లో కవరు మూతలా మడిచి అతికిస్తారు. సేకర్తలు దాన్ని ‘వై ఫోల్డ్’ అంటారు. మన దగ్గర సినిమా పాటల క్యాసెట్లు కొన్నవాళ్లకు ఆ మడత బాగా తెలుసు. కొత్త క్యాసెట్ మీది పొరను గోటితో గీరి తీసింది ఆ మడత దగ్గరే. సిగరెట్ పెట్టె మీదిదీ అదే. ఇంత విరివిగా వాడే చుట్టే పద్ధతి కావడమే గ్రేడర్‌కు చిక్కు. ఆ యంత్రాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఆ మడతను పోలిన మడత వేయడం హెచ్ సీమ్ వేయడమంత కష్టం కాదు. అందుకే ఇక్కడ చూపు మడత ఆకారం మీద ఆగదు. ఏ కొస ముందు మడిచారు, ఏది దాని మీద పడింది, అతుకు పట్టీ ఎంత వెడల్పు, పొర ఒంటిని ఎంత పట్టి ఉంది, పైన అంటించిన చీటీ పొర లోపలా బయటా అన్న ప్రశ్నలు వేసుకుంటూ, అదే ఆట, అదే అచ్చు, అదే ఏడాది నాటి నికార్సైన ప్రతులతో ఒక్కొక్కటీ సరిపోల్చాలి. తేలకపోతే గ్రేడ్ వేయకుండా పెట్టెను పంపినవాళ్లకే తిప్పి పంపుతారు.